మందకుక్క - చికిత్సా సాహచర్యం: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పశువుల మందలను మళ్లించడానికి తరతరాలుగా ఎంపిక చేసి పెంచిన శునకజాతులు రోగులకు, వృద్ధులకు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సాంత్వన సహచరులుగా పనికివస్తాయా అన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. ఆ శునకాల చురుకుదనం కన్నా వాటి ప్రవర్తనకు మూలమైన వేట ప్రేరణ, యజమాని ఒత్తిడిని స్వీకరించే స్వభావం, అపరిచితుల పట్ల వైఖరి ఈ విషయంలో నిర్ణాయకమని ప్రతిపాదిస్తుంది. ఉమ్మడి వరంగల్లు ప్రాంతపు వాతావరణం, గొర్రెల పెంపకం, ప్రజారోగ్య పరిస్థితుల దృష్ట్యా ఆ ప్రతిపాదనను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మందకుక్క, కావలి శునకం, మళ్లింపు శునకం, చికిత్సా శునకం, గొల్లకురుమలు, బోర్డర్ కోలీ, జోనంగి, భవిత కేంద్రం.

1. ప్రవేశిక

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనతో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాయి. మెట్టభూములు, గొర్రెల మందలు జనగామకు గుర్తు. లంబాడీ తండాలు మహబూబాబాద్‌కు గుర్తు. గోదావరి తీరపు అడవులు, బొగ్గు గనులు భూపాలపల్లికి గుర్తు. 2022లో మహబూబాబాద్‌లోనూ, 2023లో జనగామ, భూపాలపల్లిలలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు మండల స్థాయిలో భవిత కేంద్రాలు పనిచేస్తున్నాయి. ఫిజియోథెరపీ కోసం, మాట నేర్పడం కోసం తల్లులు పిల్లలను ఎత్తుకొని వచ్చే చోట్లు ఇవి.

జంతువుల తోడుతో చికిత్స అనే భావన ముంబయి, చెన్నై వంటి నగరాలలో కొంతకాలంగా ఆచరణలో ఉంది. అది జిల్లా కేంద్రాలకు చేరినప్పుడు ఏ కుక్కను ఎంచుకోవాలన్న ప్రశ్న తప్పదు. తెలివైనదన్న పేరున్న కుక్కను ఎంచుకోవాలన్నదే చాలామందికి మొదట తోచే సమాధానం. తెలివికి ప్రసిద్ధి పొందినవి మందలను మళ్లించే జాతులే. తెలుగువారి ఇళ్లలో అల్సేషియన్‌గా చిరపరిచితమైన జర్మన్ షెపర్డ్ కూడా పేరులోనే కాపరి. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫనిట్జ్ ఆ జాతిని స్థిరపరచినది గొర్రెల కుక్కల నుంచే.

2. మందకుక్క చేసే పని

తెలుగులో 'మందకుక్క' అన్న ఒక్క మాటే రెండు భిన్నమైన పనులను కప్పివేస్తుంది. తెలంగాణ గొల్లకురుమల మందలో కుక్క ప్రధానంగా కావలి. గొర్రెలను నడిపేది కాపరి గొంతు, చేతికర్ర. ఈల వేస్తూ, అదిలిస్తూ, వెనుకబడిన జీవాన్ని పేరుపెట్టి పిలుస్తూ అతడే మందను కదిలిస్తాడు. పంట కోసిన చేలలో ఎరువు కోసం మందను నిలిపిన రాత్రి కుక్క పని మొదలవుతుంది. తోడేలు వాసన పసిగట్టడం, దొంగల అలికిడికి మొరగడం, గొంగడి కప్పుకొని పడుకున్న కాపరిని లేపడం దాని బాధ్యతలు. పగలు అది ఎక్కువగా నీడ వెదుక్కొని పడుకుంటుంది. దానిని సోమరితనంగా భావించరాదు.

ఐరోపాలోని బోర్డర్ కోలీ పని ఇందుకు పూర్తిగా భిన్నం. అది కాపరి ఈలకు లోబడి గొర్రెలను చుట్టుముడుతుంది, విడదీస్తుంది, దొడ్డిలోకి తోలుతుంది. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు ప్రాంతంలో 1893లో పుట్టిన 'ఓల్డ్ హెంప్' అనే కుక్కను ఆ జాతికి మూలపురుషునిగా పరిగణిస్తారు. రోజుకు అనేక కిలోమీటర్లు పరుగెత్తగల దేహం, నిమిషనిమిషానికీ ఆజ్ఞ కోసం ఎదురుచూసే మనసు దాని ప్రత్యేకతలు.

తెలుగునేలలోనూ మళ్లింపు శునకం లేకపోలేదు. కోస్తాంధ్రలో, ముఖ్యంగా కొల్లేరు పరిసరాలలో, బాతుల పెంపకందారులు జోనంగి కుక్కలతో బాతుల గుంపులను తోలించేవారు. పొట్టి వెంట్రుకలు, నుదుటి ముడతలు, మొరుగుకు బదులు ఒక విధమైన కూత దాని గుర్తులు. చేపల చెరువులు విస్తరించాక ఆ వృత్తితోపాటు ఆ కుక్క కూడా అరుదైపోయింది. జనగామ మెట్టకు బయటినుంచి మళ్లింపు శునకాన్ని తేవాలనుకొనేవారు స్కాట్లండు కన్నా ముందు కొల్లేరు వైపు చూడకపోవడం విచిత్రం.

సంప్రదాయంలో కుక్క స్థానం కూడా ఇక్కడ పేర్కొనదగినది. ఋగ్వేదం పదవ మండలంలోని సరమ, పణులు దాచిన గోవుల జాడ తీసిన దేవశునకం. మైలారు, ఖండోబా, మల్లన్న ఆరాధనా పరంపరలో కుక్క దైవానికి తోడుజంతువు. ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న క్షేత్రాలు రెండూ పాత వరంగల్లు జిల్లాలోనివే. ఆ దేవుని కథను పాడే ఒగ్గు కళాకారులలో చుక్క సత్తయ్య జనగామ ప్రాంతంవాడు. కుక్కను దేవుని పక్కన నిలిపిన సమాజమే దానిని గడప దాటి లోపలికి రానివ్వదు. మందిలో కుక్క, మందలో కుక్క ఒకటి కావు. ఆసుపత్రి వార్డులోకి కుక్కను తేవడం గురించి ఆలోచించేటప్పుడు ఈ ద్వంద్వాన్ని మరువరాదు.

3. వేట నుంచి మళ్లింపుకు

మళ్లింపు ప్రవర్తన వేట ప్రవర్తనకు రూపాంతరం. రేమండ్, లోర్నా కాపింగర్ దంపతులు 2001లో ప్రచురించిన గ్రంథంలో దీనిని వివరించారు. తోడేలు వేటలో ఒక క్రమం ఉంటుంది: గురి, చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టి కరవడం, చంపడం. బోర్డర్ కోలీలో మొదటి నాలుగు దశలు తీవ్రమై, చివరివి అణగిపోయేలా మనిషి ఎంపిక చేశాడు. కావలి శునకంలో ఈ క్రమమంతా మందగించింది. అందువల్లనే అది గొర్రెల మధ్య గొర్రెలా పడుకోగలదు.

దీని ప్రభావం భవిత కేంద్రం వరండాలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆటిజం ఉన్న పిల్లవాడు హఠాత్తుగా పరుగెత్తవచ్చు, చేతులు ఆడించవచ్చు, కీచుమని అరవవచ్చు. లాబ్రడార్‌కు అది ఒక సందడి మాత్రమే. మళ్లింపు శునకానికి అది మంద నుంచి తప్పిపోయిన జీవం. చూపు నిలుపుతుంది, చుట్టు తిరుగుతుంది, కొన్ని జాతులు మడమను పళ్లతో అదలిస్తాయి. పశువుల మడమలు కొరికి తోలడానికే పెంచిన ఆస్ట్రేలియన్ కాటిల్ డాగ్, కోర్గీ వంటివాటిలో ఈ ధోరణి మరీ ఎక్కువ. కుక్క ఉద్దేశంలో అది కాటు కాదు. పిల్లవాడి తల్లికి ఆ తేడా చెప్పి ప్రయోజనం లేదు.

అయితే జాతిని బట్టి మాత్రమే తీర్పు చెప్పడం కూడా శాస్త్రసమ్మతం కాదు. 2022లో 'సైన్స్' పత్రికలో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం 18,385 కుక్కల యజమానుల సమాధానాలను, 2,155 కుక్కల జన్యుక్రమాలను పరిశీలించింది. ఒక్కొక్క కుక్క ప్రవర్తనలోని వైవిధ్యంలో జాతి వివరించగలిగింది సుమారు 9 శాతమేనని తేల్చింది. మనిషి ఆజ్ఞకు లోబడే గుణం మాత్రం తక్కిన గుణాలకన్నా జాతితో ఎక్కువగా ముడిపడి ఉంది. అంటే నెమ్మదైన కోలీ ఉండవచ్చు, తుంటరి లాబ్రడార్ ఉండవచ్చు. జాతి పేరు ఒక హెచ్చరిక మాత్రమే. నిర్ణయం ఆ కుక్కను చూసి తీసుకోవలసినదే.

4. చికిత్సా శునకం నుంచి ఆశించేది

అమెరికన్ బాలమనస్తత్వవేత్త బోరిస్ లెవిన్సన్ తన కుక్క జింగిల్స్ సమక్షంలో, అంతవరకు ఎవరితోనూ కలవని ఒక బాలుడు మెల్లగా మాటలు కలపడం గమనించాడు. 1962లో దానిపై వ్యాసం, 1969లో గ్రంథం ప్రచురించాడు. తోటి నిపుణులు మొదట పరిహాసం చేశారు. జింగిల్స్ ఆ గదిలో ఏ విన్యాసమూ చేయలేదన్నది ఇక్కడ గమనార్హం. అది అక్కడ ఉంది, అంతే.

'ఉండటం' అనే ఈ పనే మళ్లింపు శునకానికి కఠినమైనది. 'చేజర్' అనే బోర్డర్ కోలీ వెయ్యికి పైగా వస్తువుల పేర్లు నేర్చుకుందని 2011లో పరిశోధకులు నివేదించారు. అంతటి గ్రహణశక్తి పక్షవాతంతో మంచాన పడ్డ వృద్ధుని పక్కన అరగంట కదలక కూర్చోవడానికి ఏ విధంగానూ తోడ్పడదు. పైగా పనిలేని తెలివి కుక్కలో అసహనంగా మారుతుంది. సహాయక శునకానికీ చికిత్సా శునకానికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది. అంధునికి దారి చూపే సహాయక శునకం ఒక్క యజమానికి నిరంతరం పనిచేస్తుంది. చికిత్సా శునకం అనేకమంది అపరిచితుల స్పర్శను ఓర్చుకోవాలి, ఆస్వాదించాలి.

అపరిచితులన్న మాట దగ్గరే మన మందకుక్క కూడా తప్పిపోతుంది. దానికి దూకుడు తక్కువ, నిదానం ఎక్కువ. కానీ కొత్తవారిని అనుమానించడమే దాని వృత్తిధర్మం. కుక్కపిల్ల మూడు వారాల నుంచి పన్నెండు వారాల వయసు దాకా ఎవరి మధ్య పెరిగితే వారినే తనవారుగా భావిస్తుందని స్కాట్, ఫుల్లర్ల 1965 నాటి పరిశోధన తెలిపింది. గొర్రెల మధ్య, ఒక్క కాపరి కుటుంబం నడుమ ఆ వారాలు గడిపిన కుక్కను తరువాత వార్డుకు తీసుకువెళ్లడం దానికీ రోగికీ అన్యాయమే. చురుకుదనం తక్కువైనంత మాత్రాన యోగ్యత రాదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

5. ఒత్తిడి ఎవరిది?

చికిత్సా శునకాల చర్చ సాధారణంగా మనిషికి కలిగే మేలు చుట్టూ తిరుగుతుంది. కుక్క చెల్లించే మూల్యం అరుదుగా చర్చకు వస్తుంది. 2019లో స్వీడన్‌లోని లింషోపింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 58 కుక్కల వెంట్రుకలలో, వాటి యజమానుల వెంట్రుకలలో కార్టిసాల్ పరిమాణాన్ని కొలిచారు. ఆ కుక్కలు బోర్డర్ కోలీలు, షెట్లండ్ షీప్‌డాగ్‌లు, అంటే మళ్లింపు జాతులే. యజమానిలో దీర్ఘకాలిక ఒత్తిడి ఎక్కువైతే కుక్కలోనూ ఎక్కువైంది. అదే బృందం తరువాత ప్రాచీన జాతులపై, ఒంటరిగా వేటాడే జాతులపై పరిశీలన జరిపినప్పుడు అటువంటి అనుగుణ్యం కనిపించలేదు.

మనిషి ముఖం చదవడానికి పెంచిన కుక్క మనిషి బాధను కూడా చదువుతుంది. పత్తి రైతుల ఆత్మహత్యలను 1997-98లోనే చూసిన ఈ ప్రాంతంలో మానసిక వైద్య విభాగానికి వచ్చేవారి దుఃఖం తేలికైనది కాదు. రోజుకు పదిమంది దుఃఖితుల మధ్య నిలబడే కుక్కకు ఆ స్వభావం వరమా, భారమా అన్నది ఆలోచించదగినది. 'పెట్ పార్ట్‌నర్స్' వంటి సంస్థలు ఒక జంతువు సందర్శనను రోజుకు రెండు గంటలకు పరిమితం చేయడం వెనుక ఇటువంటి వివేచనే ఉంది. మళ్లింపు జాతులకు ఆ రెండు గంటలు కూడా ఎక్కువే కావచ్చు.

6. ఎండ, మందు, పురుగు, భయం

మూడు జిల్లాల వేసవి ఒక్కటే చాలు, అనేక విదేశీ జాతులను పక్కన పెట్టడానికి. మే నెలలో 44 డిగ్రీల ఎండ ఇక్కడ అసాధారణం కాదు. కుక్క శరీరం ప్రధానంగా రొప్పడం ద్వారానే చల్లబడుతుంది. రెండు పొరల బొచ్చున్న కోలీకి పరుగు కావాలి, ఆ పరుగుకు వాతావరణం ఒప్పుకోదు. పరుగు లేని కోలీని వార్డులో కూర్చోబెట్టడం సాధ్యం కాదు. తెల్లవారుజామున గంట పరుగెత్తించగల యజమాని ఉంటే తప్ప ఈ చిక్కు విడదు.

అంతకన్నా తీవ్రమైనది, చాలామందికి తెలియనిది ఔషధ ప్రమాదం. కోలీ వంశపు కుక్కలలో అధికభాగానికి, ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలో దాదాపు సగానికి ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఉంటుంది. మెదడులోకి కొన్ని మందులు చొరబడకుండా ఆపే ప్రోటీన్ వాటిలో పనిచేయదు. బోర్డర్ కోలీలలో ఈ లోపం తక్కువ, జర్మన్ షెపర్డ్‌లలో కొంత ఉంది. అటువంటి కుక్కకు గోమార్లకోసం, గజ్జికోసం ఎక్కువ మోతాదులో ఐవర్‌మెక్టిన్ ఇస్తే తూలిపోవడం, చూపు కోల్పోవడం, మరణం సంభవించవచ్చు. ఈ మందునే గొర్రెలకు నట్టల నివారణకు కూడా వాడతారు. మందు పోసిన మందలో పెంటను నాకినా ప్రమాదమే. కనుక గొర్రెలున్న ఇంట్లో కోలీని పెంచేవారు పశువైద్యునికి ఆ జాతి పేరు ముందుగా చెప్పడం ప్రాణరక్షణతో సమానం.

స్థానిక మందకుక్కకు మరొక సమస్య ఉంది. కోసిన గొర్రె కాలేయం, ఊపిరితిత్తులలోని నీటితిత్తులను కుక్కకు వేస్తే దాని పేగులో ఎకినోకోకస్ బద్దెపురుగు పెరుగుతుంది. దాని గుడ్లు మనిషి నోట్లోకి చేరితే కాలేయంలో హైడాటిడ్ తిత్తి ఏర్పడుతుంది. మంద దగ్గరి కుక్కను పిల్లల చేతులకు అందించే ముందు ప్రాజిక్వాంటెల్‌తో నట్టల నివారణ, పచ్చి అవయవాలు వేయడం మానడం తప్పనిసరి. రేబిస్ టీకా సంగతి చెప్పనక్కరలేదు.

ఇక భయం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు మరణించిన ఘటన పల్లెల దాకా తల్లిదండ్రుల మనసులో నిలిచింది. ఆ భయం అజ్ఞానం కాదు, అనుభవం. చికిత్సా శునకం పేరుతో దానిని తోసిపుచ్చే హక్కు ఏ నిపుణునికీ లేదు.

7. సాధ్యమైన మార్గం

కుక్కను మనిషి దగ్గరికి తీసుకురావడమే ఏకైక పద్ధతి కాదు. నెదర్లాండ్స్‌లో మానసిక సమస్యలున్నవారిని పొలాలకు, పశువుల దగ్గరికి తీసుకువెళ్లే సంరక్షణ క్షేత్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం రాయితీతో అందించింది. ఆ పథకం తరువాతి గతి వేరే చర్చ. అయినా జనగామ పల్లెలలో గొర్రెపిల్లకు కొదవలేదు. మాట రాని పిల్లవాడి ఒడిలో పెట్టడానికి సీసాపాలు తాగే గొర్రెపిల్ల ఏ కోలీకన్నా యోగ్యమైనది. అది తరమదు, చూపు నిలపదు, పాలసీసా తప్ప వేరే ఆజ్ఞ కోరదు. కావలి కుక్క దూరాన తన పనిలో తానుంటే దానిని చూడటమే కొందరికి ఊరట.

మళ్లింపు శునకానికి కూడా చోటు ఉంది, కానీ మంచం పక్కన కాదు. వ్యసన విముక్తికి ప్రయత్నించే యువకులు, కుంగుబాటుతో ఇల్లు కదలని కౌమారులు ఉదయపు నడకలో, బంతి విసరడంలో, ఆజ్ఞలు నేర్పడంలో దానితో పాలుపంచుకోవచ్చు. అక్కడ దాని చురుకుదనమే వారిని కదిలిస్తుంది. కనీసం ఏడాది నిండిన కుక్కను, ఆరునెలలకు తక్కువ కాకుండా ఒకే యజమానితో ఉన్నదానిని ఎంచుకోవాలి. చేతికర్ర పడిన చప్పుడుకు, చక్రాల కుర్చీకి, పరుగెత్తే పిల్లవాడికి అది ఎలా స్పందిస్తుందో ఖాళీ ఆవరణలో ముందే చూడాలి. ఉలిక్కిపడటం దోషం కాదు. ఎంతసేపటికి తేరుకున్నదన్నదే కొలత. పెదవులు నాకడం, ఆవులించడం, ముఖం తిప్పుకోవడం కనిపించిన వెంటనే ఆనాటి పని ఆపాలి. పిల్లవాడు వెనక్కి జరిగినా అంతే.