రాళ్ళు చెప్పే రెండు కథలు

టెలివిజన్ ధారావాహికలోని కోటను చూడాలన్న ముచ్చటతో యాత్రికులు ఓడ దిగుతున్నారు. ఆ గోడల నడుమ నిజంగా జరిగిన కథ అంతకన్న పెద్దది.

ఏడ్రియాటిక్ సముద్రపు తూర్పు తీరాన, క్రొయేషియా దేశపు దక్షిణ భాగంలో గ్రూజ్ అనే రేవు ఉంది. వేసవి ఉదయాన ఒక విహారనౌక అక్కడికి చేరుతుంది. సాయంకాలానికల్లా అది మళ్ళీ బయలుదేరాలి. ఒడ్డున గడపడానికి ప్రయాణికులకు దొరికే వ్యవధి ఏడెనిమిది గంటలు మాత్రమే. వారిలో చాలామంది పెద్ద బస్సులెక్కి, కర్రకు తగిలించిన అంకెను గుర్తు పెట్టుకుని, నలభై యాభై మందిగా ఒక మార్గదర్శి వెంట నడుస్తారు. కొందరు మాత్రం కాస్త ఎక్కువ రుసుము చెల్లించి, పది పన్నెండు మందికి మించని చిన్న బృందంగా కదులుతారు. అందరి గమ్యమూ ఒకటే: అక్కడికి మూడు కిలోమీటర్ల లోపునే ఉన్న దుబ్రోవ్నిక్ పాతనగరం. చిన్న బృందం ఎంచుకున్నది చారిత్రక స్థలాలనూ, టెలివిజన్ చిత్రీకరణ జరిగిన చోట్లనూ కలిపి చూపించే నడక.

ఆ ధారావాహిక పేరు 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'. అమెరికన్ నవలాకారుడు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవలల ఆధారంగా తయారై, 2011 నుంచి 2019 వరకు ఎనిమిది విడతలుగా ప్రసారమైంది. ఒక ఇనుప సింహాసనం కోసం రాజవంశాలు ఒకదానినొకటి తెగటార్చుకునే కథ అది. ఆ కాల్పనిక రాజ్యానికి రాజధాని 'కింగ్స్ లాండింగ్'. మొదటి విడతలో రాజధాని దృశ్యాలను మాల్టాలో చిత్రించారు. 2012లో ప్రసారమైన రెండవ విడత నుంచి ఆ పాత్రను దుబ్రోవ్నిక్ ధరించింది. 2016లో విడుదలైన షారూఖ్ ఖాన్ హిందీ చిత్రం 'ఫ్యాన్' చూసినవారికి కూడ ఈ ఊరి ఎర్రపెంకుల కప్పులు పరిచితమే.

ఇటువంటి నడకల్లో మార్గదర్శి చేతిలో ఛాయాచిత్రాల సంపుటి ఒకటి ఉంటుంది. అవి ధారావాహికలోని దృశ్యాలు. ఒక గోడ ముందో, ఒక మెట్టు మీదో బృందాన్ని నిలిపి, సంపుటిలోని బొమ్మను ఎదుటి దృశ్యంతో సరిచూపుతారు. బొమ్మలో ఉన్న బురుజే కళ్ళెదుట కనిపించేసరికి పెద్దవారు సైతం చిన్నపిల్లలై సంబరపడతారు. అంతవరకు అది వినోదం. సంపుటి మూసిన తరువాత మార్గదర్శి ఏమి చెబుతారన్న దాని మీదనే ఆ నడక విలువ ఆధారపడి ఉంటుంది.

సింహాసనం లేని రాజ్యం

నగరపు పశ్చిమ ద్వారానికి వెలుపల, సముద్రం నుంచి నిటారుగా లేచిన 37 మీటర్ల కొండరాయి మీద లోవ్రియెనాట్స్ దుర్గం నిలిచి ఉంది. తెర మీద ఇదే రాజప్రాసాదం. దీని పాదాన ఉన్న చిన్న సముద్రపు పాయలోనే యుద్ధనౌకలు దగ్ధమైనట్లు కథ. ఈ కోట నటనకు కొత్తది కాదు. 1952 నుంచి దుబ్రోవ్నిక్ వేసవి నాటకోత్సవాలలో షేక్స్పియర్ 'హామ్లెట్'ను ఇక్కడ ప్రదర్శిస్తూ వచ్చారు. డెన్మార్కు రాకుమారుడి ఎల్సినోర్ కోటగా అది ఏనాడో పేరు గడించింది.

నిజమైన విశేషం గోడల మందంలో ఉంది. శత్రువు రాగల దిక్కున గోడ 12 మీటర్ల మందం. నగరానికి ఎదురుగా ఉన్న గోడ 60 సెంటీమీటర్లే! కోటను కాపాడవలసిన సేనాధిపతే ఎప్పుడైనా నగరం మీద తిరగబడితే, ఆ పలుచని గోడను నగరంలోని ఫిరంగులు సులువుగా కూల్చగలగాలని నగరపెద్దల ఆలోచన. స్వాతంత్ర్యాన్ని ప్రపంచంలోని బంగారమంతటికీ అమ్మరాదన్న అర్థం గల లాటిన్ శాసనం ఆ దుర్గద్వారం మీద ఇప్పటికీ చదవవచ్చు.

ఈ జాగ్రత్త రాజ్యాంగంలోనూ కనిపిస్తుంది. 1358లో వెనిస్ ఆధిపత్యం నుంచి బయటపడింది మొదలు 1808లో నెపోలియన్ సేనాని మార్మోం రద్దు చేసేవరకు, ఈ నగరం 'రగూసా గణరాజ్యం' అన్న పేరుతో తన పాలన తానే చేసుకుంది. తురుష్క సుల్తానుకు ఏటా 12,500 బంగారు డ్యూకాట్ల కప్పం కట్టి, వెనిస్‌తో పోటీపడి, యుద్ధం కన్న వర్తకాన్నీ దౌత్యాన్నీ నమ్ముకుని బ్రతికింది. ప్రభువంశీయులలో ఒకరిని 'రెక్టర్'గా ఎన్నుకునేవారు. ఆ పదవీకాలం ఒక్క నెల. ఆ నెల రోజులూ అధికార కార్యాలకు తప్ప ఆయన భవనం విడిచి వెళ్ళరాదు. సొంత వ్యవహారాలు మరచి ప్రజావ్యవహారాలు చూడవలసిందన్న హెచ్చరిక మహాసభ ద్వారం మీద చెక్కి ఉండేది. 1416లోనే ఈ గణరాజ్యం బానిసల వ్యాపారాన్ని నిషేధించింది.

ఆ రెక్టర్ భవనమే ధారావాహికలో ఒక దూరదేశపు సుగంధద్రవ్యాల వర్తకుడి మందిరమైంది. ఎదుటనున్న లోక్రుమ్ ద్వీపంలో, పూర్వపు బెనెడిక్టైన్ మఠంలో, ఇనుప సింహాసనపు నమూనా ఒకటి ఉంది. దానిమీద కూర్చుని ఫొటో తీయించుకోవడానికి యాత్రికులు బారులు తీరుతారు. నాలుగున్నర శతాబ్దాలపాటు ఎవరినీ సింహాసనం ఎక్కనివ్వని ఊరిని ప్రపంచం నేడు సింహాసనం కోసం చూడవస్తున్నది!

ఓడ ప్రయాణికులు తెలుసుకోదగ్గ విషయం మరొకటి ఉంది. మహామారి వ్యాపించిన ప్రాంతాల నుంచి వచ్చేవారు ముప్పై రోజులపాటు దూరంగా ఉండి తీరాలని 1377లో ఈ నగరం చట్టం చేసింది. క్వారంటైన్ పద్ధతికి ప్రపంచంలో అదే తొలి చట్టంగా చరిత్రకారులు పేర్కొంటారు. తూర్పు ద్వారం చెంత 'లాజరెట్టో' అనే నిర్బంధ గృహాల వరుస ఇప్పటికీ చెక్కుచెదరక ఉంది. 2020లో కరోనా వేళ ఎన్నో విహారనౌకలు ఏ రేవూ రానివ్వక సముద్రం మీద నిలిచిపోయాయి. ఆ సంగతి జ్ఞాపకమున్న వారికి ఆ రాతి గదులు ఒక క్షణం గుండె ఝల్లుమనిపిస్తాయి.

భారతీయులకు ఈ నగరంతో మరొక చుట్టరికం కూడ కద్దు. దుబ్రోవ్నిక్ రక్షకుడు సెయింట్ బ్లేజ్. గోవాలో, పాత గోవా సమీపాన గౌండాలిం గ్రామంలో, అదే పునీతుడి పేర ఒక చర్చి ఉంది. 16వ శతాబ్దిలో సుగంధద్రవ్యాల వర్తకానికి వచ్చిన రగూసా వ్యాపారులే దానిని కట్టించారన్న సంప్రదాయం ప్రచారంలో ఉంది.

కప్పుల మీది రెండు రంగులు

ఊరి నడుమ జెసూయిట్ మెట్లు ఉన్నాయి. 1738లో కట్టిన ఈ విశాలమైన సోపానాల మీదుగానే, 2015లో ప్రసారమైన ఐదవ విడత ముగింపులో, రాణి ప్రాయశ్చిత్తంగా నగ్నంగా నడుస్తుంది. జనం ఆమెను ఛీత్కరిస్తారు. యాత్రికులు ఆ దృశ్యాన్ని అనుకరించి నవ్వుకోవడం అక్కడ పరిపాటి. ఆ మెట్లు చేరేది ఒక చర్చికీ, ఒక పాత విద్యాలయానికీ. పరమాణు సిద్ధాంత చరిత్రలో స్థానం సంపాదించుకున్న రుజెర్ బోస్కోవిచ్ అనే శాస్త్రజ్ఞుడు, మెట్లు కట్టకముందే, ఆ విద్యాలయంలో చదువుకున్నాడు.

అక్కడి నుంచి నడక ప్రాకారం మీదికి సాగుతుంది. నగరాన్ని చుట్టివచ్చే ఈ ప్రాకారం పొడవు 1,940 మీటర్లు. పైనుంచి చూస్తే ఒక వైపు నీలిసముద్రం, మరొక వైపు పెంకుల కప్పుల సముదాయం. కాస్త నిదానించి చూస్తే ఆ కప్పులు రెండు రంగుల్లో ఉన్నాయని తెలుస్తుంది. అక్కడక్కడ ఎండకూ వానకూ వెలిసిన పాత పెంకులు. ఎక్కువచోట్ల ఎరుపు తేరిన కొత్త పెంకులు. ఎందువల్ల అని ఎవరో ఒకరు అడుగుతారు.

జవాబు 1991లో ఉంది. నెహ్రూ, నాసర్ లతో కలిసి అలీనోద్యమానికి ప్రాణం పోసిన టిటో దేశంగా యుగోస్లావియాను ఎరిగిన తరానికి, ఆ దేశం ముక్కలైన తీరు ఒక విషాదం. 1991 జూన్‌లో క్రొయేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. అక్టోబరు 1న యుగోస్లావ్ సైన్యం దుబ్రోవ్నిక్ మీద దాడికి దిగి, భూమార్గాలనూ సముద్రమార్గాన్నీ మూసివేసింది. నీళ్ళు, విద్యుత్తు నిలిచిపోయాయి. యునెస్కో 1979లోనే ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన పాతనగరం అది. గోడల మీద యునెస్కో పతాకాలు ఎగురుతూనే ఉన్నాయి. అయినా డిసెంబరు 6న, సెయింట్ నికోలస్ పండుగనాడు, తెల్లవారుతూనే ఫిరంగిగుళ్ళు కురిశాయి.

ముట్టడి ముగిసిన తరువాత లెక్క తేలింది. పాతనగరంలోని 824 భవనాల్లో 563 దెబ్బతిన్నాయి. తొమ్మిది పూర్తిగా అగ్నికి ఆహుతయ్యాయి. మధ్యయుగాలనాటి బురుజులలోనే 20వ శతాబ్దపు జనం తలదాచుకోవలసి వచ్చింది. ఈ దాడికి బాధ్యులుగా హేగ్‌లోని అంతర్జాతీయ నేరవిచారణ న్యాయస్థానం యుగోస్లావ్ సేనాధికారులు మియోద్రాగ్ యోకిచ్‌కు 2004లో, పావ్లె స్ట్రూగర్‌కు 2005లో కారాగార శిక్షలు విధించింది. చారిత్రక సంపదను ధ్వంసం చేయడం కూడ యుద్ధనేరమేనని ఆ తీర్పులు చాటాయి. పునర్నిర్మాణం సాగి, 1998లో నగరం పేరు ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితా నుంచి తొలగింది.

ఇక ధారావాహిక ముగింపు సంగతి. 2019లో ప్రసారమైన చివరి విడతలో కింగ్స్ లాండింగ్ తగలబడుతుంది. ఆకాశం నుంచి డ్రాగన్ నిప్పులు కక్కగా, వీధుల్లో జనం ఆర్తనాదాలతో పరుగెడతారు. అంతటి విధ్వంసాన్ని సజీవ నగరంలో చిత్రించడం అసాధ్యం గనుక, నిర్మాతలు ఉత్తర ఐర్లండులోని బెల్ఫాస్ట్‌లో దుబ్రోవ్నిక్ వీధులను పోలిన సెట్టింగును నిర్మించి, దానినే కాల్చారు. తెర మీద కాలినది బొమ్మనగరం. నిజమైన నగరం అప్పటికి 28 ఏళ్ళ కిందటే కాలింది. మొదటిది కోట్లమంది చూశారు. రెండవది తెలిసినవారు ఎందరు?

పశ్చిమ ద్వారం లోపల గోడకు తగిలించిన ఒక పటం ఉంది. ఏ కప్పు మీద గుండు పడింది, ఏ ఇల్లు కాలింది అన్నది గుర్తులతో సహా అందులో చూపారు. పెద్ద గుంపులు దానిని దాటిపోతాయి. స్పోన్జా భవనంలో, నగరాన్ని కాపాడుతూ నేలకొరిగిన వారి ఛాయాచిత్రాలతో ఒక స్మారక మందిరం ఉంది. వారిలో యువకులు ఎందరో. యాభైమంది అందులో ఒక్కసారి పట్టరు. పదిమంది నిశ్శబ్దంగా నిలబడగలరు. చిన్న బృందపు ప్రయోజనం సౌఖ్యం ఒక్కటే కాదని అక్కడ అర్థమవుతుంది. ఈ ఊళ్ళోనే పుట్టిపెరిగి, నేడు నలభై దాటిన ఏ మార్గదర్శికైనా 1991 పుస్తకంలో చదివిన చరిత్ర కాదు. అది వారి బాల్యం, యౌవనం.

ఇంకొక ముట్టడి

ధారావాహిక తెచ్చిన కీర్తికి నగరం మూల్యం చెల్లించింది. కథ కన్న ముందే పర్యాటకం పెరిగింది. కథ ఆ పోటుకు బలం చేకూర్చింది. వేసవిలో ఒకే ఉదయాన పలు నౌకలు దిగితే పాతనగరపు సన్నని వీధులు కిటకిటలాడేవి. ప్రాకారం లోపల ఒకేసారి 8,000 మందికి మించి సందర్శకులు ఉండరాదని 2016లో యునెస్కో నిపుణులు సూచించారు. మరుసటి ఏడు ఎన్నికైన నగర మేయర్ మాటో ఫ్రాంకోవిచ్ 'నగరాన్ని గౌరవించండి' అనే కార్యక్రమం చేపట్టారు. ఒకే సమయంలో రెండు నౌకలకు, 4,000 మంది నౌకా ప్రయాణికులకు మించరాదన్న నియమం 2019లో వచ్చింది.

అంతకన్న తీవ్రమైన నష్టం నిశ్శబ్దంగా జరిగింది. 1991లో పాతనగరంలో సుమారు 5,000 మంది నివసించేవారు. 2010 దశకం చివరికి వారి సంఖ్య సుమారు 1,500కు దిగజారింది. ఇళ్ళు విడిది గదులయ్యాయి. కిరాణా దుకాణాలు జ్ఞాపికల అంగళ్ళయ్యాయి. ఫిరంగులు ఖాళీ చేయించలేని ఊరిని సంపద ఖాళీ చేయించడం విధి వైపరీత్యమే.

అలాగని కల్పిత కథను నిందించి ప్రయోజనం లేదు. ఏ పుస్తకమూ పట్టని యువకుణ్ణి సైతం అది ఈ గోడల దాకా రప్పిస్తున్నది. కథ ద్వారం వంటిది. ద్వారం ముందు ఫొటో దిగి వెనుదిరిగేవారు కొందరు. లోపలికి అడుగుపెట్టేవారు కొందరు. ఆ ఒక్క అడుగు వేయించడమే మంచి మార్గదర్శి పని.

ఆ పని రానురాను కష్టతరం కాక మానదు. ముట్టడి తరువాత వేసిన కొత్త పెంకులు కూడ ముప్పై ఏళ్ళుగా ఎండకు, ఉప్పుగాలికి క్రమంగా వన్నె తగ్గుతున్నాయి. కొన్నాళ్ళకు పాత పెంకులకూ వాటికీ తేడా కంటికి ఆనదు. ఎందువల్ల రెండు రంగులు అని అడిగేవారు అప్పుడు ఉండరు. ఎవరూ అడగకపోయినా చెప్పవలసిన రోజులు అవే.