బరువు భుజం దిగిన కథ

1991 సెప్టెంబరులో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దు దగ్గర ఆల్ప్స్ కొండల్లో, 3,210 మీటర్ల ఎత్తున కరుగుతున్న మంచులోంచి ఒక మనిషి దేహం బయటపడింది. దాదాపు 5,300 ఏళ్ల నాటివాడు. ఓట్జీ అని పేరు పెట్టారు. అతని వెంట విల్లు, అమ్ములపొది, రాగి గొడ్డలి ఉన్నాయి. ‘యు’ ఆకారంలో వంచిన రెండు మీటర్ల హేజెల్ కర్ర ఒకటి, లార్చ్ చెక్కతో చేసిన పలకలు రెండు కూడా దొరికాయి. అది వీపున బరువు మోసే చట్రమని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. విల్లు పట్టి కొండలెక్కిన ఆ మనిషికి ఉత్త సంచి చాలలేదు. దానికి ఎముకలు కావలసి వచ్చాయి.

ఆ అవసరం ఇప్పటికీ తీరలేదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో మాత్రం లైసెన్సు తీసుకుని, సీజన్లో రోజుల తరబడి అడవిలో గుడారం వేసుకుని వేటాడేవాళ్లున్నారు. ఇడాహోలోని ‘ఫ్రాంక్ చర్చ్ రివర్ ఆఫ్ నో రిటర్న్’ అరణ్యం ఒక్కటే 23 లక్షల ఎకరాల పైమాట. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం వల్ల అలాంటి అడవి బాటల మీద మోటారు బండే కాదు, సైకిలు కూడా నడపకూడదు. గుర్రమో కంచరగాడిదో లేకపోతే మనిషి వీపే బండి. కొట్టిన జంతువు మాంసాన్ని అడవిలో కుళ్లబెట్టి రావడం ఇడాహో, అలాస్కా లాంటి రాష్ట్రాల్లో నేరం కూడా. కాబట్టి వేటగాడు బయల్దేరే ముందే తిరుగు ప్రయాణం లెక్క వేసుకోవాలి.

వీపు సంచి నేటి రూపానికి రావడంలో వేటగాళ్ల పాత్ర చిన్నది కాదు. 1908లో నార్వేలో ఓలే బెర్గన్ అనే అతను కుందేళ్ల వేటకు వెళ్లాడు. సంచి మెత్తగా వీపుకు అతుక్కుని, భుజాలను లాగేస్తోంది. దారిలో ఒక జూనిపర్ కొమ్మను వీపు వంపుకు తగ్గట్టు వంచి సంచికి కట్టాడట. ఆ తరవాత కొమ్మ స్థానంలో ఉక్కు గొట్టం వచ్చింది, పేటెంటు వచ్చింది. బ్రిటిష్ సైనికులు ఈనాటికీ తమ వీపు సంచిని ‘బెర్గన్’ అనే పిలుస్తారు.

ఆ తరవాతి మలుపు అలాస్కాలో. అక్కడి స్థానిక ప్రజలు సీల్ తోలును కర్రల మీద సాగదీసి కట్టిన పలకతో బరువులు మోసేవారు. వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన లాయిడ్ నెల్సన్ అలాంటి పలకను వీపున వేసుకుని చూశాడు. తిరిగొచ్చి చెక్క చట్రానికి కాన్వాసు గుడ్డ బిగించి ‘ట్రాపర్ నెల్సన్’ తయారుచేసి, 1920ల్లో పేటెంటు పొందాడు. ఇందులో చట్రం వేరు, సంచి వేరు. సంచి ఊడదీసి, ఆ చట్రానికే కట్టెల మోపైనా, మాంసం మూటైనా కట్టుకోవచ్చు. నేటి వేట సంచుల్లోనూ కనిపించేది ఈ ఆలోచనే.

అయినా బరువు ఇంకా భుజాల మీదే ఉంది. దాన్ని కిందికి దించినవాడు కాలిఫోర్నియాకు చెందిన డిక్ కెల్టీ. సియెర్రా నెవాడా కొండల్లో నడుస్తూ, చట్రం కింది కొసలను ప్యాంటు వెనక జేబుల్లోకి దోపుకున్నాడు. ఆ క్షణమే భుజాలు తేలికపడ్డాయి. దాంతో నడుం పట్టీ పుట్టింది. విమానాల తయారీలో వాడే అల్యూమినియం గొట్టాలతో అతను చట్రాలు చేస్తే, భార్య నీనా సంచులు కుట్టేది. 1952లో, మొదటి ఏడు, అమ్ముడుపోయినవి 29.

చంటిపిల్లను చంకనెత్తుకున్న తల్లిని గమనించండి. పిల్ల కూర్చున్నది తల్లి చేతుల మీద కాదు, తుంటి ఎముక మీద. నడుమున బిందె పెట్టుకునే మన ఊళ్ల ఆడవాళ్లకు కెల్టీ కనిపెట్టిన సూత్రం ఎప్పటి నుంచో తెలుసు. తుంటి నుంచి బరువు నేరుగా కాళ్ల మీదకి దిగుతుంది. మెడ, భుజాల కండరాలు కునికిపాట్లు పడే కూలీలైతే, తొడ కండరాలు రోజంతా పనిచేయగల ఎడ్లు.

ఇక అసలు ప్రశ్న: ఎంత పెద్ద సంచి కొనాలి? అమెరికా కంపెనీలు ఘనపు అంగుళాల్లో చెబుతాయి. లీటరుకు దాదాపు 61 ఘనపు అంగుళాలు. మూడు నుంచి ఐదు రోజులకు 65 నుంచి 80 లీటర్లు, వారం పది రోజులకు 90 నుంచి 110 లీటర్లు అన్నది వాడుకలో ఉన్న కొలత. చలి ముదిరితే పడక సంచి లావవుతుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ.

అయితే లీటర్లు చెప్పేది సగం కథే. పడక సంచి 10 లీటర్ల చోటు తీసుకున్నా, తూకం కిలో కిలోన్నర. మాంసం అలా కాదు, దాదాపు నీళ్లతో సమానం: 30 లీటర్ల చోటులో 30 కిలోలు. అక్కడ వేటాడే ఎల్క్ మన కణుజుకు చుట్టం. పెద్ద పోతును ఎముక తీసి కోస్తే 90 కిలోల దాకా మాంసం వస్తుంది. ఒక్కడే మోస్తే మూడు విడతలు. జంతువు పడిన చోటికీ బండి నిలిపిన చోటికీ మధ్య 5 కిలోమీటర్లుంటే, బరువుతో 15, ఖాళీగా వెనక్కి 10, మొత్తం 25 కిలోమీటర్ల నడక. గుడారం మోసే విడత దీనికి అదనం. అంటే లీటర్లు గుడారం కోసం, చట్రం మాంసం కోసం.

బరువు వీపుకు ఎంత దూరం జరిగితే మనిషిని అంతగా వెనక్కి లాగుతుంది. ఆ లాగుడును తట్టుకోవడానికి ముందుకు వంగి నడవాలి, నడుం విరిగిపోతుంది. అందుకే వేట సంచుల్లో మాంసం మూటను చట్రానికీ సంచికీ మధ్య, వీపును ఆనించి బిగిస్తారు. మరీ పెద్ద సంచి సగం ఖాళీగా ఉంటే సామాను ఊగుతూ వెనక్కి వాలుతుంది. ఆ ఊగుడును అణచడానికే పక్కల బిగింపు పట్టీలు. 1967లో గ్రెగ్ లో అనే అతను చట్రాన్ని సంచి లోపలికి చేర్చినప్పుడు ఇలాంటి పట్టీలూ అమర్చాడు.

చట్రం పొడవు మనిషి ఎత్తును బట్టి కాదు, మొండెం పొడవును బట్టి ఎంచుకోవాలి. తల వంచి మెడ వెనక తడమండి. ఒక ఎముక బుడిపె చేతికి తగులుతుంది. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంటే తుంటి ఎముకల పై అంచు తగులుతుంది. ఆ బుడిపె నుంచి ఈ అంచు మట్టం దాకా టేపుతో కొలిస్తే వచ్చేదే మీ కొలత. ఆరడుగుల మనిషికి పొట్టి మొండెం, ఐదున్నర అడుగుల మనిషికి పొడుగు మొండెం ఉండొచ్చు.

కొన్న సంచిని ఖాళీగా తగిలించుకుని అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు. 25 కిలోల బియ్యం మూట చట్రానికి కట్టండి. ముందు నడుం పట్టీని తుంటి ఎముక మీద బిగించి, ఆ తరవాతే భుజం పట్టీలు లాగి, అపార్ట్‌మెంటు మెట్లు నాలుగైదుసార్లు ఎక్కి దిగండి. భుజాలు నొప్పెడితే తప్పు లీటర్లది కాదు, చట్రానిది. దాన్ని మార్చుకోవడానికి ఇంటి మెట్ల దగ్గర వీలుంటుంది, కొండ మీద ఉండదు.