కట్టడపు పనులలో పైకము నిలుపుట: న్యాయమెప్పుడు, అన్యాయమెప్పుడు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలు చెప్పిన మాట కట్టించువానికే గాక కట్టువానికిని చెల్లును. తోటలలో పుట్టి పెరిగిన యువకులు కొందరు పట్టణములకు పోయి ఇటుక పని, కాంక్రీటు పని, కమ్మీలు కట్టు పని, రంగుల పని చేయుచున్నారు. వారి కూలి సకాలమున చేతికి వచ్చుట మేస్త్రీ మంచితనముపై మాత్రమే ఆధారపడి యుండదు. ఎక్కడనో యొక కార్యాలయములో ఒక కాగితముపై సంతకము పడినదా లేదా యనుదానిపై గూడ ఆధారపడి యుండును. ఆ సంతకపు సంగతి యెరిగి యుండుట ప్రతి కుటుంబమునకును మేలు.

కట్టడపు పనిలో సొమ్ము మెట్లు దిగునట్లు దిగును. యజమాని పెద్ద కంట్రాక్టరునకును, అతడు చిన్న కంట్రాక్టరునకును, అతడు మేస్త్రీకిని, మేస్త్రీ కూలివానికిని ఇయ్యవలయును. పెద్ద కంట్రాక్టరు నెలకొక పర్యాయము తాను చేసిన పనికి లెక్క వ్రాసి యిచ్చును. ఆర్కిటెక్టు ఆ పనిని చూచి, ఇంత సొమ్ము చెల్లవలసియున్నదని సర్టిఫికెట్టు వ్రాయును. మలేషియా ఆర్కిటెక్టుల సంఘమువారి 2006వ సంవత్సరపు కంట్రాక్టు పత్రము ప్రకారము, లెక్క చేరిన 21 దినములలో సర్టిఫికెట్టు వ్రాయవలయును. వేరు గడువు వ్రాసికొననిచో పిమ్మట 21 దినములలో యజమాని పైకము చెల్లింపవలయును. సర్టిఫికెట్టు లేనిదే పైకము కదలదు. కాబట్టియే దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడను సామెత ఇచ్చట తరచుగా జ్ఞాపకము వచ్చును.

అయినను పైకము నిలుపుట యెల్లప్పుడును పాపము కాదు. గోడ వంకరగా లేచినను, కప్పు కారుచున్నను, చేయని పనికి లెక్క వ్రాసినను, ఆ మేరకు సొమ్ము తగ్గించుట ఆర్కిటెక్టునకు విధియే. ఆంగ్ల దేశమున సట్‌క్లిఫ్ అను యజమానికిని థాక్రా అను ఆర్కిటెక్టునకును జరిగిన వ్యాజ్యెము దీనికి నిదర్శనము. చెడుగా చేసిన పనికి గూడ ఆర్కిటెక్టు సర్టిఫికెట్లు వ్రాసెను. యజమాని సొమ్ము చెల్లించెను. తరువాత కంట్రాక్టరు దివాలా తీసెను. పోయిన సొమ్ము తిరిగి రాబట్టుకొనుటకు మార్గము లేక యజమాని ఆర్కిటెక్టుపై దావా వేసెను. అజాగ్రత్తగా సర్టిఫికెట్టు వ్రాసిన ఆర్కిటెక్టు ఆ నష్టమునకు బాధ్యుడు కావలసినదేయని 1974లో అచ్చటి ప్రభువుల సభ తీర్పు చెప్పెను. అతడు ఉభయ పక్షములకును సమముగా నడువవలయుననియు ఆ తీర్పు తెలిపెను.

మరియొక న్యాయమైన నిలుపుదల కలదు. ప్రతి బిల్లునుండి కొంత భాగము పట్టి యుంచుట వాడుక. పైన చెప్పిన పత్రములో, వేరుగా వ్రాసికొననిచో, నూటికి పది వంతున పట్టుదురు. పట్టిన మొత్తము కంట్రాక్టు విలువలో నూటికి అయిదు వంతులు కాగానే ఆపుదురు. లక్ష రింగ్గిట్ల పనికి పదివేలు పట్టినచో తొంబదివేలు చెల్లవలయును. పట్టిన దానిలో సగము పని ముగిసినప్పుడును, మిగత సగము లోపములు దిద్దిన పిమ్మటను కంట్రాక్టరునకు చేరును.

అన్యాయమైన నిలుపుదల వేరు. అదే ఆంగ్ల దేశమున 1913లో హిక్‌మన్ అను యజమానులకును రాబర్ట్స్ అను కంట్రాక్టరులకును జరిగిన వ్యాజ్యెములో, ఆర్కిటెక్టు తన బుద్ధికి తోచినట్లు గాక యజమానుల యాజ్ఞకు లోబడి సర్టిఫికెట్టు నిలిపెనని తేలెను. అట్టి ఆర్కిటెక్టు నిష్పక్షపాతి కాడనియు, సర్టిఫికెట్టు లేదను సాకుతో యజమానులు పైకము ఎగవేయరాదనియు ప్రభువుల సభ నిర్ణయించెను. వంకర గోడకు ఆ గోడ విలువ తగ్గింపవచ్చును. ఆ గోడ పేరు చెప్పి చక్కగా వేసిన పునాది పైకము గూడ నిలుపరాదు.

పైన ఒక్క మెట్టున సొమ్ము ఆగినచో క్రింది మెట్లన్నియు ఎండిపోవును. "నాకు పైనుండి వచ్చినప్పుడే నీకిత్తును" అని చిన్న కంట్రాక్టరులకు చెప్పుట మలేషియాలో చిరకాలము వాడుకగా నుండెను. దీనిని మాన్పుటకు ప్రభుత్వము 2012లో కట్టడ పరిశ్రమ చెల్లింపుల చట్టమును చేసి, 2014 ఏప్రిల్ 15వ తేదీనుండి అమలులో పెట్టెను. అట్టి షరతు చెల్లదని ఆ చట్టపు 35వ సెక్షను చెప్పుచున్నది. పైకము రానివాడు వ్రాతమూలకముగా అడుగవలయును. ఎదుటివాడు 10 పనిదినములలో జవాబీయవలయును. ఈయనిచో ఆ కోరికనంతటిని కాదన్నట్లే యెంచి, తగవు నిర్ణేత యొద్దకు పోవును. నిర్ణేత ఉభయుల వ్రాతలు ముగిసిన పిమ్మట 45 పనిదినములలో తీర్పీయవలయును. అతడు ఆర్కిటెక్టు వ్రాసిన సర్టిఫికెట్టును గాని, వ్రాయక నిలిపినదానిని గాని పునర్విమర్శించి మార్పగలడు. ఆ తీర్పును హైకోర్టు తీర్పువలె అమలు జరుపుకొనవచ్చును. గెలిచినవానికి అప్పటికిని సొమ్ము చేరకున్నచో 14 దినముల నోటీసు ఇచ్చి పని నిలుపవచ్చును. ఓడినవానికి సొమ్మీయవలసిన పై యజమాని యుండినచో, అతనినే నేరుగా ఇమ్మని అడుగుటకును మార్గము కలదు.

అయితే ఈ చట్టము వ్రాతపూర్వకమైన కంట్రాక్టులకే చెల్లును. నోటిమాటతో పని యొప్పుకొన్న చిన్న మేస్త్రీకి ఈ తలుపు తెరువబడదు. ఒక వ్యక్తి తన కాపురము కొరకు కట్టించుకొను, నాలుగు అంతస్తులకు తక్కువైన ఇంటికిని ఇది చెల్లదు. కాబట్టి బంధువే కదా, ఎరిగినవాడే కదా యని కాగితము లేకుండ పనికి దిగుట మంచిది కాదు.

దినకూలికి ఆధారము వేరొక చట్టము. అది 1955వ సంవత్సరపు ఉద్యోగ చట్టము. దాని ప్రకారము జీతపు గడువు ముగిసిన యేడవ దినములోపల జీతము ముట్టవలయును. పైనుండి బిల్లు రాలేదనుట దానికి జవాబు కాదు. చిన్న కంట్రాక్టరు ఎగవేసినచో పెద్ద కంట్రాక్టరు గూడ వరుసగా మూడు నెలల జీతమునకు మించకుండ బాధ్యుడని 33వ సెక్షను చెప్పుచున్నది. అయితే జీతము రావలసిన దినమునుండి 90 దినములలో కోర్టులో దావా వేయవలయును, లేదా లేబరు ఆఫీసులో ఫిర్యాదు చేయవలయును. "వచ్చే నెల, ఆ పై నెల" అని మేస్త్రీ చెప్పిన మాట నమ్మి కూర్చున్నచో ఆ గడువు దాటిపోవును. పని చేసిన దినములు, స్థలము, పెద్ద కంట్రాక్టరు పేరు, ముట్టిన సొమ్ము ఒక చిన్న పుస్తకములో ఏనాటికానాడు వ్రాసి యుంచుకొనుట తప్పనిసరి. వ్రాత రానివారికి బడికి పోవు బిడ్డలే వ్రాసి పెట్టవచ్చును.

తోట విడిచి సొంత ఇల్లు కొనువారికిని పైకము నిలుపు హక్కు కొంత కలదు. భూమితో గూడిన ఇంటికి ప్రభుత్వము ఏర్పరచిన ఒప్పంద పత్రములో సొమ్ము ఒక్కసారిగా గాక, పునాది, చట్రము, గోడలు, కప్పు అని మెట్టుమెట్టునకు చెల్లింపవలయును. ఆ మెట్టు ముగిసినదని ఆర్కిటెక్టు గాని ఇంజనీరు గాని సర్టిఫికెట్టు ఈయవలయును. చివరి నూటికి అయిదు వంతులు న్యాయవాది చేతిలో నుండును. ఇల్లు స్వాధీనమైన 8 నెలలకు అందులో సగమును, 24 నెలలకు మిగిలిన సగమును కట్టినవారికి చేరును. ఆ 24 నెలలలో బీటలు, కారుటలు కనబడినచో వెంటనే వ్రాసి తెలుపవలయును. ఊరకుండి, తరువాత చింతించిన ఫలములేదు.

నిలుపుట తప్పు కాదు. కారణము చెప్పక నిలుపుట తప్పు. పని చెడినచో ఏమి చెడినదో, ఎంత తగ్గునో వ్రాసి చెప్పవలయును. పని బాగున్నచో గడువునకు సంతకము చేయవలయును. పైమెట్టున ఒక సంతకము ఆలస్యమైనచో క్రిందిమెట్టున ఒక కుటుంబపు పొయ్యి ఆరునని సంతకము చేయువారు మరువరాదు. తన లెక్క తానే వ్రాసికొని గడువు మీరక అడుగవలయునని కూలివాడును మరువరాదు.