చిన్న పొక్లెయినుకు ఇనుప చైనా, రబ్బరు చైనా?

పొదిలి ప్రాంతమున నీటికుంటలు, మురుగు కాలువలు, డ్రిప్పు పైపుల కాలువలు త్రవ్వుటకు చిన్న పొక్లెయిన్లు ఉపయోగపడును. కొందరు రైతులు కలిసి ఒక యంత్రమును కొని బాడుగకు త్రిప్పవలెనని కూడ ఆలోచించుచుందురు. అట్టివారు ధర అడుగుదురు, ఇంజను చూతురు. యంత్రము నడచు చైను ఏదని అడుగువారు తక్కువ. అప్పు చేసి కొన్న యంత్రము ఆ అప్పును తీర్చుటయో, రిపేరు కొరకు నిలిచిపోవుటయో చాలవరకు ఈ చైనుపైననే ఆధారపడి యుండును.

రెండింటికి గల భేదము

ఇనుప చైను పలకలు, లింకులు, పిన్నులు, బుష్షులు కలిపి కూర్చినది. ఒక పలక వంగినను, ఒక పిన్ను అరిగినను ఆ భాగమును మాత్రమే మార్చుకొనవచ్చును. రబ్బరు చైను అతుకులేని ఒకే పట్టీ. దాని లోపల ఉక్కు తీగలును, పళ్లచక్రము పట్టుకొనుటకు ఇనుప దిమ్మలును ఉండును. తీగలు తెగినచో చైను మొత్తము మార్చవలసినదే.

నేల అణగునా?

రబ్బరు చైను నేలను అణచదనియు, ఇనుప చైను అణచుననియు కొందరి నమ్మకము. ఇది పూర్తిగా సరికాదు. మూడు టన్నుల యంత్రమును తీసికొందము. ఒక్కొక్క చైను 30 సెంటీమీటర్ల వెడల్పున, 150 సెంటీమీటర్ల పొడవున నేలను తాకినచో, రెండును కలిసి 9,000 చదరపు సెంటీమీటర్లు. 3,000 కిలోల బరువును దీనిచే భాగించిన, చదరపు సెంటీమీటరుకు సుమారు మూడవ వంతు కిలో పడును. మనిషి నడచునపుడు ఒంటి పాదముపై పడు ఒత్తిడియు దాదాపు ఇంతే. వెడల్పు ఒకటే అయినచో ఇనుమైనను, రబ్బరైనను ఒత్తిడి ఒకటే. అయితే త్రవ్వునపుడు బరువు ఒక ప్రక్కకు ఒరిగి ఒత్తిడి పెరుగును. కావున తడి ఆరని నల్లరేగడిలోనికి ఏ చైను యంత్రమునైనను దింపరాదు.

అసలు భేదము మలుపులో తెలియును. ఇనుప పలకల అంచులు నేలను కరచి పట్టుకొనును. వాలులో, రాళ్లలో ఇది మేలు. కాని మిరప చేనిలో తిరిగినపుడు పైమట్టి పెళ్లగిలును, డ్రిప్పు పైపులు తెగును. ఊరి సిమెంటు రోడ్డు పగులును, తారు లేచిపోవును. రబ్బరు చైనుతో ఈ నష్టము తక్కువ. చప్పుడు, అదురు కూడ తక్కువ.

మన నేలలకు ఏది తగును?

మార్కాపురము పలకలకు పేరుపొందిన సీమ మనకు పడమట కలదు. పలకరాయి పలుచని పొరలుగా చీలును. దాని అంచు కత్తివలె రబ్బరును కోయును. రాళ్లు తేలిన ఎర్ర నేలలందు, పాత బావుల వద్ద, సర్కారు తుమ్మ మోళ్లు గల చెరువులందు పని ఎక్కువైనచో ఇనుప చైనే తగును. రాయి లేని పత్తి, మిరప పొలములలోను, ఇండ్ల నడుమను, రోడ్డు దాటుచు చేయు పనికి రబ్బరు మేలు. రెండు విధముల పనియు ఉన్నచో, ఇనుప పలకలకు బోల్టులతో బిగించు రబ్బరు దిమ్మలు దొరకునేమో కంపెనీవారిని అడుగవలెను.

లెక్క వేయు విధము

చైన్ల జత ఖరీదును అది పనిచేయు గంటలచే భాగింపుడు. ఉదాహరణకు జత ఖరీదు 1,50,000 రూపాయలై, 1,200 గంటలు వచ్చినచో గంటకు 125 రూపాయలు. రాళ్లలో 600 గంటలకే చినిగినచో గంటకు 250 రూపాయలు. ఈ అరుగుదలను బాడుగలో కలుపని యెడల, డబ్బు చేతికి వచ్చుచున్నట్లు కనబడుచునే మూలధనము కరగిపోవును.

జాగ్రత్తలు

1. నిలిచినచోటనే గిరుక్కున త్రిప్పరాదు. ముందుకు వెనుకకు జరుపుచు కొద్దికొద్దిగా త్రిప్పవలెను.

2. సాయంత్రము పని ముగిసిన పిమ్మట చైనులోను, రోలర్ల నడుమను ఇరికిన బంకమట్టిని పారతో తీసివేయవలెను. మట్టి ఎండిన పిదప తీయుట కష్టము.

3. డీజిలు, నూనె, ఎరువులు రబ్బరుకు తగులరాదు. పని లేనప్పుడు నీడలో నిలుపవలెను.

4. రబ్బరు చీలి లోపలి తీగ కనబడినచో తడి చేరి తుప్పుపట్టి తెగును. వెంటనే మెకానిక్కుకు చూపవలెను.

5. చైను వదులైన ఊడును, బిగువైన త్వరగా అరుగును. యంత్రముతో ఇచ్చిన పుస్తకములోని కొలత ప్రకారమే ఉంచవలెను. వదులు చేయునపుడు గ్రీజు వాల్వుకు ఎదురుగా మొగము పెట్టరాదు. దానిని పూర్తిగా విప్పరాదు. లోపలి గ్రీజు గొప్ప ఒత్తిడితో చిమ్మి చర్మములోనికి దూరగలదు. ఇది ప్రాణాపాయము.

6. దూరపు గ్రామమునకు యంత్రమును నడిపించుకొని పోక లారీపై గాని, ట్రెయిలరుపై గాని తీసికొనిపోవలెను.

కొనుటకు ముందు మీ ఊరిలోను, చుట్టుపట్ల గ్రామములలోను వచ్చు ఏడాది పని ఎక్కడెక్కడ దొరకునో, అచట నేల ఎట్టిదో ఒక కాగితముపై వ్రాసికొనుడు. సగమునకు మించి రాతి నేలయైన ఇనుమును, మెత్తని నేలయైన రబ్బరును ఎన్నుకొనుడు. పొరుగూరివాడు కొనినది చూచి కాక, మీ నేలను చూచి నిర్ణయించుకొనుడు.