చేపలలో శత్రు కణాలను హతమార్చే రక్షణ కణాలు - చేప పిల్లలను వదిలే సమయంలో జాగ్రత్తలు అవసరం

బాన్సువాడ: మంజీరా నదిపై 1923-31 మధ్య నిర్మించిన నిజాంసాగర్ జలాశయం, పరిసర గ్రామాల చెరువులు ఈ ప్రాంత మత్స్యకారులకు జీవనాధారం. రాష్ట్రంలో 2016-17లో ఉచిత చేప పిల్లల పంపిణీ పథకం ప్రారంభమైంది. బొచ్చె, రవ్వ, మ్రిగాల, బంగారుతీగ ఇక్కడి నీటి వనరులకు అనువైన రకాలు. వదిలిన పిల్లలు వ్యాధి బారిన పడితే మత్స్య సహకార సంఘం ఆ ఏటి ఆదాయాన్ని కోల్పోవలసి వస్తుంది. పెద్ద జలాశయంలోని చేపలన్నింటికీ మందు అందించడం సాధ్యం కాదు. అందువల్ల చేప శరీరంలోని సహజ రక్షణ వ్యవస్థే వాటికి ప్రధాన అండ.

మనిషిలో రక్తకణాలు ఎముక మూలుగలో తయారవుతాయి. చేపలలో ఈ పనిని ముఖ్యంగా మూత్రపిండపు ముందు భాగం నిర్వహిస్తుంది. అక్కడ పుట్టే తెల్ల రక్తకణాలలో కొన్ని శత్రు కణాలను నేరుగా చంపగలవు. ఇవి రెండు విధాలు.

మొదటి రకం కణాలకు ముందస్తు పరిచయం అవసరం లేదు. పరాన్నజీవిని గానీ, వికృతి చెందిన కణాన్ని గానీ తాకిన వెంటనే దాడి చేస్తాయి. అమెరికా శాస్త్రవేత్తలు 1984లో ఒక జాతి క్యాట్‌ఫిష్‌లో వీటిని వివరించారు.

రెండవ రకం టి-కణాలు. శరీరంలోని దాదాపు ప్రతి కణం తన లోపల తయారయ్యే ప్రోటీన్ల తునకలను గుర్తింపు పత్రం వలె ఉపరితలంపై ప్రదర్శిస్తుంది. వైరస్ సోకిన కణంపై వైరస్ తునకలు కనిపిస్తాయి. టి-కణం వాటిని పోల్చుకుని ఆ కణానికి అతుక్కుంటుంది. అనంతరం పెర్ఫోరిన్ అనే ప్రోటీన్‌తో దాని పొరకు రంధ్రాలు చేసి, గ్రాంజైమ్ అనే ఎంజైములను లోపలికి పంపుతుంది. దానితో ఆ కణం తనను తానే నాశనం చేసుకుంటుంది. చుట్టుపక్కల ఆరోగ్యకరమైన కణాలకు హాని అంతగా కలుగదు.

ఈ వ్యవస్థకు జ్ఞాపకశక్తి కూడా కలదు. ఒక బంగారు చేప పొలుసును మరొక దానికి అతికించినప్పుడు శరీరం దానిని తిరస్కరిస్తుందని, అదే చేప పొలుసును రెండవసారి అతికిస్తే మరింత త్వరగా తిరస్కరిస్తుందని 1957లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది. నీరు చల్లబడితే ఈ ప్రతిస్పందన మందగిస్తుంది. టి-కణాలపై చలి ప్రభావం అధికం. మన దేశంలో 1988లో ప్రవేశించిన ఎర్రమచ్చల వ్యాధి శీతకాలంలోనే ఎక్కువగా కనిపించడానికి ఇది ఒక కారణం.

రవాణాలో కిక్కిరిసినా, మొరటుగా పట్టినా చేపలలో కార్టిసాల్ అనే హార్మోను పెరిగి రక్షణ కణాల శక్తి సన్నగిల్లుతుంది. పొలుసులు ఊడితే క్రిములకు ప్రవేశద్వారం ఏర్పడుతుంది. కావున పిల్లలను చల్లని వేళల్లో తరలించాలి. సంచులను విప్పకుండా 15 నుంచి 20 నిమిషాలు చెరువు నీటిపై తేలనివ్వాలి. ఆ పిమ్మట కొద్దికొద్దిగా చెరువు నీటిని సంచిలో కలిపి, పిల్లలను వాటంతట అవే బయటకు ఈదిపోనివ్వాలి. పరిమితికి మించి వదలరాదు. చలికాలంలో చేపలపై ఎర్రమచ్చలు, పుండ్లు కనిపించిన వెంటనే మత్స్యశాఖ అధికారులకు తెలియజేయాలి.