పాత పెట్రోలు పంపునకు వెల కట్టుట

మంజీరా నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరపు నీరు వర్ని, బోధను ప్రాంతముల పొలములకు పారి, 1930ల చివర బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసిన పిదప, ఈ సీమలో చెఱకుతోపాటు మోటారు వాహనమును జీవనాంగమైనది. 1932లోనే నిజాం రైల్వేకు అనుబంధముగా 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ వెలసియుండెను. మోటారు వచ్చినచోటికి పెట్రోలును, దానిని కొలిచిపోయు యంత్రమును రాక తప్పదు. అట్టి పంపు నేడు ఏ పాత షెడ్డులోనైనను తుప్పుపట్టి కనబడినచో, తుక్కు క్రింద తూచి అమ్మవలెనా, బాగుచేసి నిలుపవలెనా అను ప్రశ్నకు సమాధానము, అది ఏ పనికై పుట్టినదో తెలిసినగాని దొరకదు.

1885లో అమెరికాలోని ఫోర్ట్ వేన్ నగరమున సిల్వానస్ బౌసర్ కిరోసిను కొలిచిపోయు పంపును చేసెను. పెట్రోలు పంపునకు అదియే మూలము. ఇనుపపెట్టెలోపల జరుగు కొలతపై కొనువారికి నమ్మకము చాలదయ్యె గనుక, మొదటి ప్రపంచయుద్ధకాలమునకు కొంచె మిటునటుగా తలపై గాజుపాత్ర గల పంపులు బయలుదేరినవి. పిడిని ఆడించినకొలది భూమిలోని ట్యాంకునుండి పెట్రోలు గాజులోని కెక్కును. గ్యాలను గుర్తులను కొనువాడు కన్నులార చూచుకొనును. పిదప అది తన బరువుచేతనే గొట్టమువెంట బండిలోనికి దిగును. 1930లలో ముల్లు తిరుగు మీటర్లు, వెలను సైతము లెక్కగట్టు చక్రములు రాగా గాజు మరుగుపడెను. చెఱకుబండిని కాటాపై నిలిపి ముల్లునే చూచుచుండిన రైతునకు ఈ గాజు ఏల పుట్టినదో వేరుగ చెప్పనక్కరలేదు.

కొలతయే ప్రాణమైన యీ యంత్రమును బాగుచేయువాడు కొలతకు సాక్ష్యములైనవాటినే ముందుగ కాపాడవలెను. పేరు, సంఖ్య చెక్కిన ఇత్తడి పలక, తనిఖీవారు వేసిన సీసపు ముద్ర, మీటరు ముఖము, గాజుపై గుర్తులు — వీనిలో ఒకటి పోయినను తిరిగి పుట్టింప వీలుకాదు. లోపల నిలిచిన పెట్రోలు ఆవిరి పూర్తిగా తొలగువఱకు వెల్డింగుగాని గ్రైండరుగాని దరిచేరనీయరాదు. పాత రంగులలో సీస ముండవచ్చును గనుక పొడిగా గీకక తడిపి గీకవలెను. విప్పుటకు ముందు ప్రతి భాగమును ఫోటో తీయవలెను. పలుచని రేకుపై ఇసుక చిమ్మినచో వంకరపోవును. తోలు వాషరు, రబ్బరు గొట్టము క్రొత్తవి వేయవచ్చును. ఇత్తడిని మాత్రము అక్షరము లరిగిపోవునంతగా తోమరాదు. బాగుపడిన పంపు చూచుటకే గాని మరల పెట్రోలు పోయుటకు గాదు.

ఇక వెల. పెట్రోలు అమ్మిన బర్మాషెల్ కంపెనీ 1928లో ఏర్పడి 1976లో ప్రభుత్వపరమై భారత్ పెట్రోలియమునకు మూలమయ్యెను. ఎస్సో 1974లో హిందుస్తాన్ పెట్రోలియముగా మారెను. కావున పంపుపై నిలిచిన పాత కంపెనీ రంగులే కాలమును కొంతవఱకు చెప్పును. 1956 నాటి తూనికలు కొలతల చట్టము పిదప గ్యాలనుల స్థానమున లీటర్లు వచ్చినవి గనుక, గ్యాలను ముఖము గల మీటరు సాధారణముగా అంతకు పూర్వపు పద్ధతిదే. గాజుపాత్రలో నీరు పోసి గుర్తువఱకు కొలిచి చూడుడు: గ్యాలనుకు 4.55 లీటర్లు పట్టిన బ్రిటిషు కొలత, 3.79 పట్టిన అమెరికా కొలత. నిజాం రాజ్యపు బంకులో నిలిచినదని చెప్పి అమెరికా పంపు నమ్మజూపువాని మాట అచ్చటనే నిలిచిపోవును. అసలు భాగము లెన్ని, పంపు కొనపై నిలుపు కంపెనీ గుర్తు గల గోళము నాటిదా నేటి నకలా, ఏ యూరి బంకునుండి వచ్చినదన్న కాగితము కలదా — ఇవియే ధరను హెచ్చించును. నిగనిగలాడు క్రొత్తరంగు తగ్గించుటయు కలదు.

నూరేండ్లు నిండిన చారిత్రక వస్తువులు 1972 నాటి పురావస్తు చట్టపు పరిధిలోనికి రావచ్చును. వాటిని అనుమతి లేక విదేశములకు పంపరాదు. 1920ల నాటి పంపులు ఇపుడా గడప చేరుచున్నవి. కనుక అమ్మదలచినవారు బేరమునకు ముందే ఏ యూర, ఏ బంకున, ఏ యేండ్లలో అది పనిచేసెనో ఎరిగిన పెద్దలనడిగి వ్రాయించుకొని, ఆ కాగితమును పంపుతోకూడ అప్పగింపవలెను.