మొలలు అనుకునే ముందు

తలనొప్పి వస్తే ఇంటిల్లిపాదికీ చెప్పుకుంటాం. పన్ను నొప్పి పెడితే పక్కింటికి వెళ్ళి లవంగనూనె అడిగి మరీ పుచ్చుకుంటాం. చక్కెర జబ్బు, రక్తపుపోటు సంగతి సరేసరి. పెళ్ళిపందిట్లో ఇద్దరు పెద్దమనుషులు కలిస్తే వేసుకుంటున్న బిళ్ళలేమిటో చెప్పుకోకుండా విడిపోరు. కాని ఒళ్ళంతటిలోకి ఒక్క చోటున్నది. అక్కడ నొప్పి పుట్టినా, నెత్తురు కనిపించినా మగవాడు కట్టుకున్న భార్యకు చెప్పడు. ఆడవారు కన్నతల్లితో కూడా అనరు. కుర్చీలో ఒకపక్కకు ఒరిగి కూర్చుంటారు. ఎవరైనా అడిగితే “ఏం లేదు, కాస్త వేడి చేసింది” అంటారు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గాని వైద్యుణ్ణి కాను. వైద్యులు చెప్పగా విన్నదీ, చదివి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. ఈ విషయం నా దాకా రావడానికి ఒక మాట కారణం. ఆసనం దగ్గర ఏ బాధ వచ్చినా మనవాళ్ళు దానికి “మొలలు” అని పేరు పెట్టేస్తారు. కాస్త సంస్కృతం తగిలిన ఇళ్ళలో “మూలశంక” అంటారు. ఇంగ్లీషు చదివినవారు “పైల్స్” అంటారు. మాట మారింది గాని అయోమయం ఒకటే. ఆ ఒక్క పేరు కింద కనీసం నాలుగు వేరువేరు జబ్బులున్నాయి. ఒకదాని మందు ఇంకొకదానికి పనికిరాదు. అందులో ఒకటి ప్రాణం తీసేది.

మన పూర్వులు ఇంత మొగమాటపడలేదు. సుశ్రుతుడు లొంగదీయడానికి కష్టమైన మహావ్యాధులు ఎనిమిదింటిని లెక్కపెడుతూ, అర్శస్సునూ భగందరాన్నీ విడివిడిగా పేర్కొన్నాడు. ఒక్క అర్శస్సులోనే ఆరు రకాలు చెప్పి, మందు, క్షారం, అగ్ని, శస్త్రం అని నాలుగు విధాల చికిత్సను విధించాడు. పడమటి దేశాలలోనూ దాచుకోనివారున్నారు. ఫ్రాన్సు దేశాన్నేలిన పద్నాలుగో లూయీకి భగందరం వచ్చింది. 1686లో ఫెలిక్స్ అనే శస్త్రవైద్యుడు దానికి కత్తిపెట్టాడు. మత్తుమందు లేని కాలం! రాజు కోలుకున్నాడు. ఆ దేశంలో శస్త్రవైద్యులకు గౌరవం పెరగడానికి ఆ ఆపరేషను కూడా ఒక కారణమంటారు. రాజుగారికి లేని సిగ్గు మనకెందుకు?

పేరొకటి, జబ్బులు నాలుగు

మొదటిది అసలైన మొలలు. ఇవి కొత్తగా మొలిచేవి అనుకుంటాం. అది పొరపాటు. ఆసనం లోపల రక్తనాళాలతో నిండిన మెత్తని దిండ్లవంటివి పుట్టుకతోనే అందరికీ ఉంటాయి. ద్వారం గట్టిగా మూసుకోవడానికి అవి సాయపడతాయి. 1975లో థామ్సన్ అనే ఆంగ్ల వైద్యుడు ఈ సంగతిని స్పష్టంగా నిరూపించాడు. ఏళ్ళ తరబడి ముక్కడంవల్ల ఆ దిండ్లు ఉబ్బి, పట్టు సడలి కిందికి జారితే వాటినే మొలలంటున్నాం. వీటి గుర్తు నొప్పిలేని నెత్తురు. విరేచనమయ్యాక ఎర్రగా, తాజాగా చుక్కలు చుక్కలుగా పడుతుంది. లోపలి భాగంలో నొప్పి తెలిసే నరాలు లేవు కనుక బాధ ఉండదు. వైద్యులు వీటిని నాలుగు దశలుగా చెబుతారు. మొదటి దశలో నెత్తురు మాత్రమే కనిపిస్తుంది. రెండవ దశలో బయటికి వచ్చి వాటంతట అవే లోపలికి పోతాయి. మూడవ దశలో వేలితో నెట్టవలసి వస్తుంది. నాలుగవ దశలో నెట్టినా పోవు.

రెండవది చీలిక. దీన్ని ఫిషర్ అంటారు. గట్టి మలం వెళ్ళేటప్పుడు అంచున చర్మం చీరుకుపోతుంది. గాజుపెంకుతో గీసినట్టుంటుందని పడ్డవారు చెబుతారు. నొప్పి ఆ కాసేపటితో పోదు. గంటా రెండు గంటలు సలుపుతుంది. నొప్పికి జడిసి మనిషి దొడ్డికి వెళ్ళడం వాయిదా వేస్తాడు. వాయిదా వేస్తే మలం ఇంకా గట్టిపడుతుంది. మర్నాడు చీలిక మళ్ళీ తెరుచుకుంటుంది. ఈ చక్రాన్ని తెంచడమే చికిత్స. మలం మెత్తబడేట్టు చూసుకుని, రోజుకు రెండు మూడుసార్లు పది పదిహేను నిమిషాలు గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చుంటే కొత్త చీలికలు చాలావరకు కొన్ని వారాలలో మానిపోతాయి. ఆరువారాలు దాటినా మానకపోతే, బిగుసుకున్న కండరాన్ని సడలించే పూతమందులున్నాయి. వాటికీ లొంగకపోతే చిన్న ఆపరేషను ఉన్నది.

మూడవది భగందరం. ఆసనం లోపలి చిన్న గ్రంథి ఒకటి చీముపట్టి గడ్డ లేస్తుంది. అది పగులుతుంది. హమ్మయ్య, పోయిందనుకుంటాం. కొన్నాళ్ళకు మళ్ళీ అక్కడే తడి, చీము, గడ్డ. లోపలికీ బయటికీ ఒక సొరంగం ఏర్పడిందన్నమాట. దానికి పైపూతలు పనిచేయవు. శస్త్రచికిత్సగాని, క్షారసూత్రంగాని కావాలి. ఆకుజెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు కలిపి దారానికి 21 పూతలు పూసి ఆరబెట్టి, ఆ దారాన్ని సొరంగంలోంచి తీసి కడతారు. వారం వారం దారం మారుస్తుంటే సొరంగం మెల్లగా కోసుకుంటూ మానుకుంటూ వస్తుంది. గ్రంథాలలో నిద్రపోతున్న ఈ పద్ధతిని 1960 దశకంలో కాశీ విశ్వవిద్యాలయంలో ఆచార్య పి. జె. దేశ్‌పాండే మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. భారత వైద్య పరిశోధన మండలి దీన్ని ఆపరేషనుతో పోల్చిచూసి 1991లో ఫలితాలు ప్రకటించింది. దారంతో మానడానికి సుమారు ఎనిమిది వారాలు పట్టింది, ఆపరేషనుతో నాలుగే. కాని ఏడాది తర్వాత చూస్తే, దారం కట్టినవారిలో 4 శాతానికీ, ఆపరేషను అయినవారిలో 11 శాతానికీ జబ్బు తిరగబెట్టింది. అయితే ఇది శిక్షణ పొందిన ఆయుర్వేద శస్త్రవైద్యుడు చేయవలసిన పని. సంతలో దారం కట్టించుకోరాదు.

నాలుగవది పెద్దపేగు చివర పుట్టే కాన్సరు. ఇదీ నెత్తుటితోనే మొదలవుతుంది. మొలలవలెనే మొదట్లో నొప్పి ఉండదు. అందుకే ఇది మొలల పేరు పెట్టుకుని ఇంట్లో ఏళ్ళ తరబడి తిరగగలదు.

మా మేనమామ సంగతి

మా మేనమామ పల్లెలో వ్యవసాయం చేసుకునే మనిషి. యాభయ్యో పడిలో నెత్తురు కనిపించింది. ఎవరికీ చెప్పలేదు. రైలుపెట్టె గోడమీదా, బస్టాండు స్తంభాలమీదా మనమందరం చూసే కాగితాలు ఆయనా చూశాడు — “కోత లేదు, కుట్టు లేదు, మొలలు మాయం.” దగ్గర బస్తీలో అలాటి బోర్డు కట్టిన ఒకాయన దగ్గరికి, ఎరువుల కొట్టుకని ఇంట్లో చెప్పి, వెళ్ళేవాడు. అతను వేలుపెట్టి పరీక్ష చేయలేదు, పేరులేని సీసాలోంచి సూదిమందు ఎక్కించేవాడు. నాలుగురోజులు నెత్తురు తగ్గేది, మళ్ళీ వచ్చేది. ఇలా రెండేళ్ళు గడిచాయి. మనిషి చిక్కిపోతే, పథ్యంవల్ల అనుకున్నారు. చివరకు ఒకనాడు చేను గట్టుమీద కళ్ళు తిరిగి పడిపోయాడు. ఆస్పత్రిలో చూస్తే ఒంట్లో ఉండవలసిన నెత్తుటిలో సగం లేదు. అక్కడి శస్త్రవైద్యుడు చేతికి తొడుగు వేసుకుని ఒక్క నిమిషం పరీక్ష చేశాడు. కంతి వేలికి తగిలింది.

ఆపరేషను జరిగి నాలుగేళ్ళయింది. ఆయన బతికి ఉన్నాడు, పొలానికీ వెళుతున్నాడు. కాని ఆసనం తీసేయవలసి వచ్చింది. పొట్టకు పెట్టిన రంధ్రంలోంచి మలం ఒక సంచిలోకి వస్తుంది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు నాతో అన్నాడు: “ఒరే అబ్బాయ్, రెండేళ్ళు మీ అత్తయ్యకు చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఇప్పుడు ఆ సంచి మార్చేది ఆవిడే.”

వెంటనే చూపించుకుంటే అంత దూరం వచ్చేది కాదేమోనని డాక్టర్లన్నారు. అందుచేత ఈ గుర్తులు మనసులో పెట్టుకోవాలి: నెత్తురు మలంలో కలిసిగాని, నల్లగాగాని రావడం, జిగట పడడం, వెళ్ళి వచ్చినా ఇంకా ఉన్నదనిపించడం, అలవాటు మారి వారాల తరబడి అలాగే ఉండడం, కారణం లేకుండా బరువు తగ్గడం, నీరసం, ఆయాసం. తల్లిదండ్రులకో తోబుట్టువులకో పేగు కాన్సరు వచ్చి ఉంటే మరీ జాగ్రత్త. వయసు తక్కువ కదా అని ఊరుకోరాదు. మన దేశంలో ఇది నలభై నిండనివారిలోనూ కనిపిస్తున్నది.

రాకుండా చూసుకోవడం

మొలలకూ చీలికకూ తల్లి మలబద్ధకం. దానికి తల్లి మన కంచం. పాలిషు పట్టిన తెల్లన్నం, పల్చని చారు, అప్పడం, పెరుగు — ఇందులో పీచు ఎంత? మనిషికి రోజుకు 25, 30 గ్రాముల పీచు కావాలి. తోటకూర, గోంగూర, చిక్కుడు, బీర, పొట్టు తీయని పెసలు, జొన్నరొట్టె, రాగిసంకటి, జామపండు మన పెరట్లోవే, మన అంగట్లోవే. అన్నం తగ్గించి కూర రెండింతలు వడ్డించుకుంటే సగం వైద్యం ఇంట్లోనే జరిగినట్టు. పీచు పెంచేటప్పుడు నీళ్ళూ పెంచాలి. చాలనివారు ఇసబ్‌గోల్ పొట్టు ఒకటి రెండు చెంచాలు గ్లాసెడు నీళ్ళలో కలిపి వెంటనే తాగవచ్చు. ఆవకాయ మొలలను పుట్టించదు గాని, చీలిక ఉన్నవారిని మాత్రం మర్నాడు ఏడిపిస్తుంది.

ఇక కూర్చునే సంగతి. పూర్వం దొడ్లో చెంబుతో వెళ్ళినవాడు అయిదు నిమిషాల్లో తిరిగివచ్చేవాడు. ఇప్పుడు చెంబు పోయి సెల్‌ఫోను వచ్చింది. 2025లో అమెరికాలోని బోస్టన్‌లో 125 మందిని పరిశీలించి ప్రకటించిన అధ్యయనంలో, ఫోను పట్టుకుని లోపలికి వెళ్ళేవారిలో మొలల అవకాశం 46 శాతం ఎక్కువగా కనిపించింది. ఫోను గుమ్మం బయటే పెట్టండి. పడమటి తరహా కమోడు అయితే కాళ్ళకింద చిన్న పీట వేసుకోండి. వచ్చినప్పుడు ఆపుకోవద్దు, రానప్పుడు ముక్కవద్దు.

మా కాలేజీలో చాలామంది ఆడపిల్లలు పొద్దుట ఇంట్లో బయల్దేరింది మొదలు సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగరు. తాగితే వెళ్ళవలసి వస్తుంది. వెళ్ళడానికి శుభ్రమైన చోటు లేదు. పద్దెనిమిదేళ్ళకే వారికి మలబద్ధకం అలవాటవుతున్నది. బడులూ కళాశాలలూ నడిపేవారు గోడలకు రంగులు వేయించేముందు ఈ సంగతి చూడాలి.

స్త్రీల విషయం ఇంకొకటి కూడా ఉన్నది. కటిభాగాన్ని కిందినుంచి పట్టి ఉంచే కండరాలు కాన్పులతో సడలుతాయి. రోజూ ముక్కడంవల్ల మరింత సడలుతాయి. దగ్గినా తుమ్మినా మూత్రం పడడం, గర్భసంచి కిందికి జారినట్టుండడం అందువల్లనే. “ఇద్దరు పిల్లల తల్లికి మామూలే” అని నోరు మూయించడం మన ఆచారం. 1948లో కెగెల్ అనే అమెరికా వైద్యుడు దీనికి ఖర్చులేని వ్యాయామం చెప్పాడు. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాన్ని, మామూలుగా కూర్చున్నప్పుడే అయిదారు సెకన్లు బిగించి వదలాలి. పదేసి సార్లు చొప్పున రోజుకు మూడుమార్లు చేస్తే చాలామందికి రెండు మూడు నెలల్లో గుణం కనిపిస్తుంది. అప్పటికీ తగ్గకపోతే స్త్రీల వైద్యురాలికి చూపించాలి.

డాక్టరు దగ్గర ఏం జరుగుతుంది?

చాలామందిని ఆపేది ఈ భయమే. పక్కకు తిరిగి పడుకోమంటారు, దుప్పటి కప్పుతారు. తొడుగు వేసుకున్న వేలితో, తర్వాత చిన్న గొట్టంతో చూస్తారు. రెండు మూడు నిమిషాల పని. నొప్పి విపరీతంగా ఉంటే ఆ పరీక్షను వాయిదా వేస్తారు. స్త్రీలు లేడీ డాక్టరును అడగవచ్చు, తమవారిని పక్కన ఉంచుకోవచ్చు. అనుమానం ఉంటే పేగు లోపలంతా దీపపు గొట్టంతో చూస్తారు. అసలు మొలలే అయినా అందరికీ కత్తి అక్కరలేదు. పీచూ నీళ్ళతోనే చాలామందికి నయమవుతుంది. అంతకుమించినవాటికి 1963లో బారన్ అనే వైద్యుడు ప్రచారంలోకి తెచ్చిన రబ్బరు ఉంగరం పద్ధతి ఉన్నది. ఉంగరం బిగిస్తే మొల వారం పది రోజుల్లో రాలిపోతుంది. ఆనాడే ఇంటికి రావచ్చు. వైద్యుణ్ణి ఎంచుకునేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. పరీక్ష చేయకుండానే జబ్బు పేరు చెప్పేవాడి దగ్గర, సీసామీద పేరులేని మందు ఎక్కించేవాడి దగ్గర ఒక్క క్షణం కూడా కూర్చోవద్దు.

మీ ఇంట్లో పెద్దవారెవరైనా ఈమధ్య ఒకపక్కకు ఒరిగి కూర్చుంటున్నారా? మరుగుదొడ్డిలో ఎక్కువసేపు గడిపి పాలిపోయిన మొహంతో బయటికి వస్తున్నారా? వారంతట వారు చెప్పరు. నలుగురూ లేనప్పుడు పక్కన కూర్చుని మీరే అడగండి. నెత్తురు కనిపించిందంటే, ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్ళండి.